రేకుల మేస్టారు, పైడమ్మ తరవాణి

సైన్సు గురించి జనానికి చెప్పాలని ఉబలాటపడే కుర్ర లెక్చరర్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, ఎలా మాట్లాడితే మామూలు మనుషులకి అర్థమవుతుంది మాస్టారూ, అని అడుగుతారు. జంషెడ్‌పూర్‌లో ఉద్యోగమంతా చేసి, కాలేజీ హాళ్ళ నుంచి పూజా పందిళ్ళ దాకా మైకు దొరికిన ప్రతిచోటా మాట్లాడినవాణ్ణి కాబట్టి నా దగ్గర ఏదో కిటుకు ఉంటుందని వాళ్ళ ఆశ. కిటుకేమీ లేదు. అర్థమయ్యేలా చెప్పడం ఎవరైనా నేర్చుకోవచ్చు. అర్థమయ్యాక జనం దానితో ఏం చేస్తారన్నది మాత్రం మన చేతిలో ఉండదు. ఆ రెండోదే నన్ను అలసిపోయేలా చేసింది. ఈ పనిలోకి దిగేవాళ్ళు అది ముందే తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

రేకుల మేస్టారు

మా నాన్న టాటానగర్‌లో రైల్వే గార్డు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో ఆ ఊరి తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. చదువయ్యాక రసాయనశాస్త్రం లెక్చరరుగా చేరి, యూనివర్సిటీలో డాక్టరేటు పని మొదలుపెట్టాను. బకెట్లకీ ఇంటి కప్పులకీ వాడే జీఐ రేకు తెలుసు కదా. ఇనుము తుప్పు పట్టకుండా దాని మీద జింకు పూత ఉంటుంది. ఆ పూతని పులుపు ఎలా తినేస్తుంది, ఎంత వేగంగా తినేస్తుంది అన్నది నా పరిశోధన. బాల్టీకి చిల్లెందుకు పడతాదో తెలుసుకోడానికి ఇన్నేళ్ళు కావాలేట్రా, అని మా అమ్మ అడిగేది. 

డెబ్బైల చివర్లో, శాస్త్రవేత్తలు ప్రజల్లోకి వెళ్ళాలని ఒక గాలి వీచింది. ప్రతి విభాగమూ తాను చేస్తున్న పరిశోధన గురించి ఊళ్ళో ఉపన్యాసాలు ఇవ్వాలని యూనివర్సిటీ నుంచి ఆదేశం వచ్చింది. పెద్దవాళ్ళందరికీ సరిగ్గా అప్పుడే ఏదో ఒక పని పడింది. నేను అందరికంటే చిన్నవాణ్ణి, పైగా మూడు భాషలూ వచ్చినవాణ్ణి. ఆ బరువు నా నెత్తినే పడింది.

మొదటి ఉపన్యాసం సాక్చి బజారులో, వర్తకుల సంఘం హాల్లో. స్లైడ్ ప్రొజెక్టరుని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. కాసేపటికే కరెంటు పోయింది. కనిపించని గ్రాఫుల గురించి చీకట్లో మాట్లాడుతూ పోయాను. ప్రశ్నలడగమంటే ఒక సేఠ్ లేచి, ఏ కంపెనీ బాల్టీ ఎక్కువ కాలం మన్నుతుందో చెప్పమన్నాడు. తెలియదన్నాను. హాలంతా నవ్వింది. సిద్ధగోరాలో మా క్వార్టరుకి నాకంటే ముందే ఆ నవ్వు చేరింది. మర్నాటి నుంచి పేటంతా నన్ను రేకుల మేస్టారు అనడం మొదలుపెట్టింది.

అప్పుడు ఉడుక్కున్నాను గానీ, ఆ సేఠ్ అడిగింది మంచి ప్రశ్న. జనం ఎప్పుడూ అడిగేది అదే. నీ చదువంతా సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు అంటారు. మన దగ్గర దానికి తప్ప మిగతా అన్నింటికీ జవాబులుంటాయి.

ముఖర్జీ గారి ‘కావచ్చు’

మా విభాగానికి పెద్ద ముఖర్జీ గారు. అసలైన రసాయన శాస్త్రజ్ఞుడు. గాజు గొట్టంలో మట్టం చూసేటప్పుడు ఊపిరి బిగబట్టే మనిషి. అనుమానమే శాస్త్రవేత్త ఆస్తి అని ఆయన నమ్మకం. నేను రాసిన ప్రతి వాక్యం చివరా ఎర్ర సిరాతో ‘కావచ్చు’ అని చేర్చేవారు. ఆయన చలవ వల్లే నా పరిశోధనలో ఎవరూ తప్పు పట్టలేకపోయారు. ఆ ఋణం మరచిపోలేను.

చిక్కేమిటంటే, ఆయన ఆ ఎర్ర సిరాని సభలకి కూడా తెచ్చేవారు. నా ఉపన్యాసాలకు అధ్యక్షులుగా వేదిక మీద నా పక్కనే కూర్చునేవారు. నేను ‘కావచ్చు’ లేకుండా ఒక వాక్యం అన్నానంటే దగ్గేవారు. ఆ దగ్గు వింటే నాకు నాలుక మడత పడేది. అలాగని చెడ్డవారు కారు. వేదిక మీద ఒక్క మాట తూలితే ల్యాబులో చేసిన పనికంతటికీ మచ్చ అంటుకుంటుందని ఆయన భయం. పేపర్లో ఫోటో పడిందా లేదా అన్నది తప్ప ఇంకేమీ పట్టని పెద్దమనుషుల కింద కూడా తర్వాత పనిచేశాను. వాళ్ళకంటే ఈ దగ్గే మనిషి వెయ్యి రెట్లు నయం.

పైడమ్మ డ్రమ్ము

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం. మా క్వార్టర్ల వెనక బస్తీలో పైడమ్మ అని ఒకావిడ కూలీలకు అన్నం పెట్టేది. విజయనగరం వైపు మనిషి. భర్త కాంట్రాక్టు పనిలో పోయాడు, పిల్లల్లేరు. తెల్లారేసరికి ఆదిత్యపూర్ ఫ్యాక్టరీ షెడ్లకి పనికి పోయే మనవాళ్ళందరూ ఆమె పాకలో చద్దన్నం, తరవాణి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తిని బయల్దేరేవారు. తరవాణి అంటే ఈ తరం వాళ్ళకి చెప్పాలేమో. అన్నం వార్చిన గంజిని నీళ్ళతో కలిపి పులియబెడతారు. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. అడుగున మిగిలిన పులుపే మర్నాటి గంజిని పులియబెడుతుంది. ఎండలో కొలిమి దగ్గర నిలబడేవాడికి అది అమృతం.

ఆ కూలీలకు మేస్త్రీ గోవిందు. వాళ్ళందరినీ తన ఊరి చుట్టుపక్కల నుంచి తీసుకొచ్చినవాడు. అతని మాటంటే మాటే. పైడమ్మ దగ్గర తినేవాళ్ళు పెరిగారు. ఇక్కడి కుండలు బీటలిచ్చేవి, ఉన్నవి చాలేవి కావు. అది చూసి గోవిందు ఆదిత్యపూర్‌లో తెలిసిన షెడ్డులో జీఐ రేకుతో మూతా, చెవులూ పెట్టించి పెద్ద డ్రమ్ము చేయించాడు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రిక్షా మీద ఊరేగింపుగా తెచ్చి ఆమె పాకలో దింపాడు. అద్దంలా మెరిసిపోయేదట. ఇనుము చుట్టూ బతికే మనవాళ్ళకే తట్టే ఆలోచన అది. సొంత ఊళ్ళో ఉంటే ఇంకో కుండ కొని ఊరుకునేవారు.

కొన్నాళ్ళకి కూలీలు జబ్బు పడడం మొదలైంది. తిని బయల్దేరిన కాసేపటికే కడుపులో మెలిపెట్టి వాంతులయ్యేవి. అందులోనూ సోమవారాలు ఎక్కువ. గోవిందు తమ్ముడు ఒక సోమవారం ఖర్కాయి నది వంతెన మీద సైకిలు మీంచి పడిపోయి, మంచమెక్కి లేవలేకపోయాడు. బస్తీలో గుసగుసలు బయల్దేరాయి. పైడమ్మ ఒంటరి ఆడది. ఆదివారం పాక మూసి అమ్మవారి దగ్గరికి పోతుంది. అన్నింటికీ మించి, ఆమె ఆ డ్రమ్ములోది తాగదు. ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న కుండలోదే తాగుతుంది. ఇంకేం కావాలి? చిల్లంగి పెట్టిందన్నారు. అమావాస్యలోగా బస్తీ వదిలిపోవాలని గోవిందు తీర్పు చెప్పాడు. చేతబడి చేస్తుందని పేరు పడిన ఆడవాళ్ళకి మా చుట్టుపక్కల ఏం జరిగేదో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కారు.

అప్పుడు పైడమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నువ్వు సదువుకున్నోడివి మేస్టారూ. చిల్లంగి నేదని ఆలందరికీ ఒక్క మాట సెప్పు బాబూ,” అంది.

లేదని చెబితే వింటారా, అన్నాను. మరి ఇంకేటి సెప్తావు, అంది. ఏం పెడుతున్నావో ఒకసారి చూద్దాం పద, అని ఆమె వెంట వెళ్ళాను.

పాకలో ఆ డ్రమ్ము మూత తీసి చూశాను. పైన ఇంకా మెరుస్తోంది. తరవాణి మట్టం దిగువన మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా, మందంగా ఉంది. నేను ల్యాబులో చిన్న చిన్న ముక్కల మీద ఏళ్ళ తరబడి చూసింది అక్కడ డ్రమ్మంత పెద్దదిగా కనిపించింది. పులుపు జింకుని తినేసింది, ఆ జింకుని వీళ్ళు తాగుతున్నారు. ఆదివారం పాక మూసి ఉంటుంది కాబట్టి శనివారం మిగిలింది మరో రోజంతా అందులోనే నానుతుంది. సోమవారం జబ్బుకి కారణం అదే. పైడమ్మని డ్రమ్ము పక్కన పెట్టేసి కుండల్లోకి మార్చమన్నాను. ఒక సీసాలో ఆ తరవాణి పట్టుకుని కాలేజీకి వెళ్ళాను.

పరీక్షలో జింకు కుప్పలుగా బయటపడింది. ముఖర్జీ గారు పరీక్షనాళిక వెలుతురుకి ఎత్తి చూసి తల ఊపారు. తర్వాత కుర్చీలో కూర్చుని మొదలుపెట్టారు. ఒక్క సీసా చూసి ఏం చెబుతావు? ఎవరెంత తాగారో తెలుసా? ఏ డాక్టరైనా వాళ్ళని చూశాడా? కాబట్టి డ్రమ్ము కారణం కావచ్చు, అంతవరకే అను. ఆయన అన్నదాంట్లో శాస్త్రం ప్రకారం ఒక్క తప్పు లేదు. అమావాస్య మాత్రం దగ్గర పడుతోంది.

సారాంశం

తెలుగు సంఘం హాల్లో ఆ ఆదివారమే ఉపన్యాసం పెట్టించాను. బస్తీ మొత్తం వచ్చింది. గోవిందు తమ్ముణ్ణి చేయి పట్టుకుని నడిపించుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. పైడమ్మ గుమ్మం బయటే నిలబడింది.

జింకుని మొదట తుత్తునాగం అన్నాను, ఒక్క ముఖంలోనూ కదలిక లేదు. షెడ్లలో వినే హిందీ మాట జస్తా అనగానే అందరూ తలలూపారు. నిమ్మరసంలో రేకు ముక్క వేసి బుడగలు చూపించాను. పులుపు పూతని కరిగిస్తుందనీ, కరిగినది కడుపులోకి పోతే వాంతులవుతాయనీ చెప్పాను. వాళ్ళకి అర్థమైంది. ముఖాలు చూస్తే తెలుస్తుంది కదా. నాకు జీవితంలో అంత బాగా కుదిరిన ఉపన్యాసం ఇంకోటి లేదు. అప్పుడు గోవిందు లేచాడు.

“సీదా బాత్ సెప్పండి మేస్టారూ. నా తమ్ముడు ఆ డ్రమ్ము వల్లే పడిపోనాడా, కాదా?”

పక్కన ముఖర్జీ గారు దగ్గారు. కారణం కావచ్చు, అన్నాను.

“కావచ్చంటే కాకపోవచ్చు కూడా,” అని గోవిందు కూర్చున్నాడు.

కూర్చునేటప్పుడు అతని ముఖంలో ఒక ఊరట కనిపించింది. అదెందుకో అప్పుడు నాకు తట్టలేదు.

మా తెలుగు సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏం మాట్లాడినా చివర్లో కార్యదర్శి గారు వందన సమర్పణ చేస్తూ, సభ సారాంశాన్ని రెండు ముక్కల్లో చెప్పేవారు. హరికథ అయినా, హోమియోపతి అయినా అంతే. చాలా మంచివారు, ఏడాది పొడుగునా ఆ రెండు ముక్కల కోసమే చాకిరీ చేసేవారు. ఆ రోజు ఆయన మైకు అందుకుని, మాస్టారు గారు సెలవిచ్చిన సారాంశం ఏమిటంటే తరవాణిలో విషం పుడుతుంది కనుక ఎవరూ తాగరాదు, అని ముగించారు. చప్పట్లు మోగాయి. నేను లేచి మైకు దగ్గరికి వెళ్ళేలోగా టీలు వచ్చేశాయి. టీలు వచ్చాక ఏ సభలోనూ ఎవరూ వినరు.

మర్నాటి నుంచి పైడమ్మ పాకలోకి ఒక్కడూ అడుగు పెట్టలేదు. మొన్నటిదాకా చిల్లంగి అన్నవాళ్ళు ఇప్పుడు విషం పెట్టిందన్నారు. మేస్టారే చెప్పారన్నారు. పాపం, ఆమె పరిస్థితి పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. డ్రమ్ము ఎప్పుడో బయట పడేసి, కొత్త కుండల్లో తరవాణి పెట్టి, పనికి పోయేవాళ్ళు చూసేలా గుమ్మంలో కూర్చుని వాటిలోదే తాగేది. ఆమెకి ఏమీ కాకపోవడం కూడా చిల్లంగేనని, చూసినవాళ్ళు తల తిప్పుకుని పోయేవారు.

నాకు ఏడుపొచ్చినంత పని అయింది. ఇంక ఉపన్యాసాలు నావల్ల కాదని ముఖర్జీ గారితో చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అందుకే నేను ఎప్పుడూ మాట్లాడను, అన్నారు. ఎత్తిపొడుపుగా అనలేదు. ఆయనా ఎక్కడో ఎప్పుడో దెబ్బ తిన్నారనిపించింది. 

గోవిందు అరుగు మీద

ఆ సాయంత్రం గోవిందు ఇంటికి వెళ్ళాను. దారిలో ఆలోచిస్తుంటే, సభలో అతని ముఖంలో కనిపించిన ఊరట గుర్తొచ్చింది. డ్రమ్ము చేయించింది అతను. నేను చెప్పింది నిజమైతే తమ్ముణ్ణి మంచాన పడేసింది పైడమ్మ కాదు, అన్నగారే. అంత పెద్ద హాల్లో, ఊరంతా చూస్తుండగా, ఆ మాట ఒప్పుకోమని నేను అతన్ని అడిగాను. చిల్లంగి అయితే అతని తప్పు ఉండదు. అందుకని మీలో ఎవరైనా జనానికి ఒక కారణం చెప్పబోయే ముందు, ఆ కారణం వల్ల ఎవరు దోషి అవుతారో ముందు వెతుక్కోండి. ఆ మనిషి మీ ముందు వరసలోనే కూర్చుని ఉంటాడు.

అరుగు మీద కూర్చుని జింకు ఊసు ఎత్తలేదు. మా కాలేజీ ఆటల పోటీల సంగతి చెప్పాను. ఒక ఏడాది కొత్త జీఐ తొట్టెల్లో నిమ్మకాయ షర్బత్ కలిపి, రాత్రంతా ఉంచి, పొద్దున్న పిల్లలకీ మాకూ పోశారు. రసాయనశాస్త్రం వాళ్ళమే దగ్గరుండి పోయించాం. పులుపుకి జింకు ఏమవుతుందో మాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఆ మైదానంలో లేరు. అయినా ఒక్కరికీ తట్టలేదు. మా పెద్దాయన ముఖర్జీ గారు ఆప్యాయంగా ఇంకో గ్లాసు అడిగి మరీ తాగి, బహుమతులు ఇవ్వాల్సిన సమయానికి గోడ వెనక్కి పరుగెత్తారు. ఆయన పరువు పోతుందని ఆ కథ ఏ సభలోనూ చెప్పలేదు.

గోవిందు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి ఆగిపోయి, అంత సదువుకున్నోలే సేసినారా, అన్నాడు. చేశామన్నాను. 

“నా తమ్ముడికి ఎలాగ సెప్పను మేస్టారూ. నాను ఎంతో ముచ్చటపడి సేయించిన డ్రమ్ము అది,” అన్నాడు.

నేను ఓదార్చడంలో దిట్టను కాను. జింకు ఒంట్లో నిలిచిపోదనీ, నీరసం తగ్గగానే తమ్ముడు మునుపటిలా తిరుగుతాడనీ చెప్పాను. నాకు తెలిసిందదే. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఒక షరతు పెట్టాడు. రేపు పొద్దున్న అందరి ముందూ నేను పైడమ్మ తరవాణి తాగాలి. నేను తాగితే తనూ తాగుతాడు. ఆ తర్వాత డ్రమ్ము సంగతి తనే అందరికీ చెబుతాడు.

శాస్త్రం లెక్కన అది ఉత్త నాటకం. కుండలో తరవాణి తాగిన మనిషి నిక్షేపంగా ఉంటే, డ్రమ్ములో తరవాణి గురించి ఏం రుజువైనట్టు? ముఖర్జీ గారు వింటే దగ్గు ఆగేది కాదు. సరేనన్నాను.

గుమ్మంలో

తెల్లారేసరికి టిఫిను డబ్బాలతో, సైకిళ్ళతో కూలీలందరూ పాక ముందు నిలబడి ఉన్నారు. పైడమ్మ గ్లాసు నిండా పోసి నా చేతికిచ్చింది. కాలేజీలో చేరినప్పటి నుంచి నేను టీ మనిషిని, తరవాణి ముట్టి ఏళ్ళయింది. పులుపు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ముఖంలో ఏ తేడా అయినా కనిపిస్తుందేమోనని అందరూ నన్నే చూస్తున్నారు. కాసేపు ఆగి, గోవిందు గ్లాసు అందుకుని గడగడా తాగేశాడు. అప్పుడు వెనక్కి తిరిగి, డ్రమ్ము నాదే, తప్పు డ్రమ్ముదే, ఆమెది కాదు, అని చెప్పి తలవంచుకున్నాడు. తమ్ముడు దగ్గరికొచ్చాడు. అన్న చేతిలో గ్లాసు తీసుకుని తనకూ పొయ్యమని పైడమ్మ ముందుకు చాచాడు.

ఆ వారంలోనే అందరూ తిరిగొచ్చారు. అమావాస్య వచ్చి పోయింది, పైడమ్మని ఎవరూ కదిలించలేదు. ఉపన్యాసాలు మానేస్తానన్నవాణ్ణి మళ్ళీ మొదలుపెట్టాను. ఇన్నాళ్ళకి జనానికి సైన్సు చెప్పగలిగానని లోపల పొంగిపోయాను. ఆ పొంగులోనే ఒక సెలవు రోజున, ఆమె నాలుగు మంచి మాటలు అంటుందని ఆశపడి, పాక వైపు వెళ్ళాను. ఆమె పీట వేసి అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుని గిన్నెలు తోముకుంటూ అంది.

“నాను రోజూ ఆల ముందర తాగినాను బాబూ, ఒక్కడూ నమ్మనేదు. నాను తాగితే చిల్లంగి అన్నారు. నువ్వు తాగితే సైన్సన్నారు.”

కోపం లేదు ఆమె గొంతులో. కూర ఇంకాస్త వెయ్యమంటావా, అని అడిగింది. 

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో సభల్లో మాట్లాడాను. ఉపన్యాసం అయ్యాక ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడగడం మన రివాజు. అలా అడిగినప్పుడల్లా ఆమె మాట గుర్తొచ్చేది. ఆమె అన్నదానికి నేను ఈరోజు దాకా జవాబు చెప్పుకోలేకపోయాను. మీరు మైకు పట్టుకునే ముందు దాని గురించి కాస్త ఆలోచించుకుని వెళ్ళండి.